మంగీలాల్ నడక

నా భార్య తబిత బొమ్మల్ని నడిపిస్తుంది. ఈ మాట చెబితే మా పాల్వంచ కాలనీలో సగం మంది తోలుబొమ్మలాట అనుకుంటారు. మిగతా సగం మంది దాంతో ఏమొస్తుందని అడుగుతారు. నేను ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేసేవాణ్ణి. నాకు బొమ్మలు రావు, కోపం మాత్రం బాగా వస్తుంది. అందుకని అలా అడిగిన వాళ్లకు జవాబు చెప్పే పని నేను పెట్టుకున్నాను.

ఆమె పని చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. టాబ్లెట్ మీద పెన్నుతో గీస్తుంది. ఒక మనిషి చెయ్యెత్తాలంటే, ఆ చెయ్యి కొద్దికొద్దిగా పైకి లేస్తున్నట్టు వరసగా బొమ్మలు గీయాలి. అవన్నీ గబగబా కదిలిస్తే అప్పుడు చెయ్యి లేస్తుంది. పూటంతా మెడ వంచి గీసింది కళ్లు ఆర్పేలోగా అయిపోతుంది. ఇల్లు గడవడానికి పెళ్లిపత్రికల వీడియోలు చేసిస్తుంది. వాటిలో పెళ్లికొడుకు గుర్రమెక్కి వస్తాడు. మన వైపు గుర్రాలెక్కడివే అంటే నవ్వి ఊరుకుంటుంది. తన కోసం చేసుకునేవి వేరే ఉన్నాయి. కిన్నెరసాని ఒడ్డున కొంగ, చర్చి మెట్ల మీద పిల్లి, బస్సులో కునికిపాట్లు పడే నైట్ షిఫ్టు మనిషి. ఆ మనిషి నేనేనని కాలనీలో అందరూ గుర్తుపట్టారు. ఇవన్నీ ఆన్‌లైన్‌లో పెడుతుంది, ఎలా చేసిందో కూడా ఏమీ దాచుకోకుండా చెబుతుంది.

ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చి నాలుగు ముద్దలు తిని లైవ్‌లో కూర్చుంటుంది. దానికి ‘ఆదివారం బొమ్మ’ అని పేరు పెట్టింది. చూసేవాళ్లు తాము గీసిన బొమ్మలు పంపుతారు. అందులో ఒకటి తీసుకుని, వాళ్ల కళ్ల ముందే దాన్ని కదిలిస్తుంది. పిల్లవాడు గీసిన ఆటో పొగ వదులుకుంటూ పోతుంది. ఎవరి కుక్కో తోక ఊపుతుంది. వంకరగా వచ్చినా సరే పంపండి, దాచుకోకండి అని ప్రతివారం చెబుతుంది. అడిగిన ప్రతివాడికీ జవాబు రాస్తుంది. అన్నం చల్లారిపోతోందని నేను అరిస్తే, ఈ ఒక్కరికి అంటుంది. ఆ ఒక్కరి వెనక ఎంతమంది ఉంటారో దేవుడికే తెలియాలి.

సంగీత అలా పరిచయమైన పిల్లే. బూర్గంపాడు దాటాక అడవి అంచున తండా వాళ్లది. రోజూ గోదావరి వంతెన మీదుగా భద్రాచలం వెళ్లి ఒక జిరాక్స్ షాపులో పని చేసేది. ఖాళీ దొరికినప్పుడల్లా ఫోన్ తెర మీద వేలితో మేకల్ని గీసి పంపేది. మొదట్లో ఆ మేకల కాళ్లు మంచం కోళ్లలా ఉండేవి. తబిత విసుక్కోకుండా, మోకాలు ఎక్కడ వంగుతుందో మీ మేకనే అడుగు అని రాసింది. ఆ పిల్ల నిజంగానే మేక పక్కన కూర్చుని గీసింది. ఒక ఆదివారం తబిత దాని మేకను గెంతించింది. ఆ సాయంత్రం సంగీత నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. మాటలు తక్కువ, నవ్వు ఎక్కువ. వంటింట్లో ఉన్న నాకు కూడా నవ్వొచ్చింది.

వానలు ముదిరాక ఆ పిల్ల కనబడకుండా పోయింది. మళ్లీ మెసేజ్ వచ్చేసరికి వాళ్ల నాన్న మంగీలాల్ పోయాడు. ఛాతీలో నొప్పి వచ్చిందట. వాగు పొంగి అంబులెన్స్ అవతలి ఒడ్డునే ఆగిపోతే, తండా మగవాళ్లు ఆయన్ని మంచం మీద పడుకోబెట్టి నడుము లోతు నీళ్లలో మోసుకెళ్లారు. ఒడ్డు చేరేసరికి ప్రాణం లేదు. ఆ కబురుతో పాటు సంగీత ఒక పెన్సిల్ బొమ్మ పంపింది. భుజం మీద తువ్వాలు వేసుకుని ఒక మనిషి నిటారుగా నిలబడి మనల్నే చూస్తున్నాడు. కింద ఆమె గొంతు.

“అక్కా, ఈయన మా నాయిన. మా యాడి కండ్లు మూస్తె మంచం మీద మోసుకపోయిందే కనబడుతుందంట. నడిచే మనిషిగ యాదికొస్తలేడంట. ఒక్కసారి నడిపియ్యి అక్కా. యాడికి చూపెడ్త.”

యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. తబిత ఆ మెసేజ్ రెండోసారి వినలేదు. వెంటనే పెన్ను తీసుకుంది.

నడక గీయడానికి ఆమె కొత్తవాళ్లకు చెప్పే చిట్కా ఒకటుంది. కష్టమంతా ఒక అడుగు గీయడంలోనే ఉంటుంది. కుడి అడుగు బొమ్మలు పూర్తయ్యాక, అవే కాళ్లను అటుదిటు చేస్తే ఎడమ అడుగు వచ్చేస్తుంది. ఒక అడుగు గీస్తే రెండోది ఫ్రీ అని చెబితే పిల్లలు సంబరపడిపోతారు. ఆ రెండు అడుగుల్నే ఆగకుండా తిప్పుతూ ఉంటే మనిషి నడుస్తూనే ఉంటాడు. నిజానికి ఉన్నచోటే ఉంటాడు, వెనక చెట్లు జరుగుతాయి.

ఆ ఆదివారం మంగీలాల్ పత్తిచేను పక్కన నడిచాడు. తువ్వాలు గాలికి ఊగింది, అడుగులు సమంగా పడ్డాయి. తబిత ఎవరి బొమ్మకూ అంత శ్రద్ధ పెట్టగా నేను చూడలేదు. చనిపోయిన తండ్రిని కూతురు గీసిందని తెలిసి చూస్తున్న వాళ్లంతా ఏడ్చారు. నేను కూడా గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఏడ్చాను. ఆ వీడియో ఆ వారమంతా ఊళ్లు తిరిగింది. అంతకుముందు ఆమె పేరు వినని వాళ్లు వచ్చి దండాలు పెట్టిపోయారు. ఇన్నాళ్లకు నా పెళ్లాం పని లోకానికి తెలిసిందని నేను ప్లాంటు క్యాంటీన్‌లో కాలర్ ఎగరేసుకుని తిరిగాను.

సంగీత మాత్రం దండం పెట్టే చేతుల గుర్తు ఒకటి పంపి ఊరుకుంది. మేక గెంతితేనే అంతసేపు నవ్విన పిల్ల, తండ్రి నడిస్తే ఒక్క మాట అనలేదేమిటని తబితకు అనుమానం వచ్చింది. దుఃఖంలో ఉంటుందిలే అన్నాను. ఆమె వినకుండా ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. సంగీత చాలాసేపు బాగుందక్కా, మంచిగుందక్కా అంటూ తప్పించుకుంది. అమ్మ ఏమందో చెప్పమని తబిత గట్టిగా అడిగింది.

“యాడి చూసింది అక్కా,” అంది సంగీత. “చూసి, ఎవరు బిడ్డా ఈయన, అనడిగింది.”

తరువాత అసలు సంగతి మెల్లమెల్లగా బయటికి వచ్చింది. మంగీలాల్‌కు వయసులో ఉండగా తునికాకు మూటల లారీ మీంచి పడి కాలు విరిగింది. ఎముక వంకరగా అతుక్కుంది. అప్పటి నుంచీ ఆయనది ఒక పక్కకు ఒరిగే నడక. మరి ముందే ఎందుకు చెప్పలేదమ్మా అని తబిత అడిగితే, ఆ పిల్ల తెల్లబోయింది. మాకు ఆయన కుంటుతున్నట్టు ఎన్నడూ అనిపించలేదక్కా, నాయిన నడక అదే కదా అంది. ఇంట్లో వాళ్లకు అది లోపం కాదు, ఆ మనిషే అది. బొమ్మలో నిలబడి ఉన్నాడు కాబట్టి తబితకు తెలిసే దారి లేదు. ఇప్పుడు జమ్లికి, అంటే సంగీత తల్లికి, కొత్త భయం పట్టుకుంది. అందరూ ఇదే మంగీలాల్ అంటున్నారు. తనకేమో గుర్తు రావడం లేదు. మొగుడి నడక తనే మరిచిపోయిందేమోనని ఆమె అన్నం సరిగా తినడం లేదట.

తబిత ఆ క్షణమే వీడియో తీసేయడానికి కూర్చుంది. నాకు మండింది. అంతమంది మెచ్చుకున్నదాన్ని ఎందుకు తీస్తావు, ఇంకోటి సరిగా చేసి పెడితే సరిపోతుంది కదా అన్నాను. ఆమె నా వైపు చూడలేదు.

“ఎవరో తెల్వని మనిషిని ఆమె మొగుడని చెప్పి ఊరంత తిప్పుతున్న క్రాంతీ,” అంది. “నీకు గట్ల చేస్తె నేనూకుంటనా?”

తీసేసింది. ముందురోజు దాకా కన్నీళ్లు పెట్టుకున్న జనమే, మా వీడియో ఏదని నిలదీశారు. పేరు రాగానే పొగరెక్కిందన్నాడొకడు. వాడికి నేను జవాబు రాయబోతే తబిత ఫోన్ లాక్కుంది.

తరువాతి ఆదివారం బొమ్మ లేదు. చర్చి నుంచి అటే బండి మీద తండాకు బయలుదేరాం. పత్తి తీతలు నడుస్తున్నాయి, దారంతా ఆటోల నిండా కూలీలు. జమ్లి ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉంది. పెద్ద వయసేమీ కాదు. మోచేతుల పైన ఏళ్ల తరబడి గాజులు వేసుకున్న చోట చర్మం తెల్లగా కనబడుతోంది. భర్త పోయాక తీసేసిన గాజులవి. తబిత ఆమె పక్కన కింద కూర్చుని, నేను తప్పు గీశానమ్మా, నువ్వు మరిచిపోలేదు అని చెప్పింది. జమ్లి నమ్మినట్టు తలూపింది గానీ ఆమె మొహంలో నమ్మకం లేదు.

ఆయన ఎలా నడిచేవాడో చూపించమంటే తండా అంతా పోగైంది. మంగీలాల్ తమ్ముడు దేవ్లా ముందుకొచ్చి నాలుగడుగులు వేశాడు. అందరూ నవ్వి, వెంటనే నోళ్లు మూసుకున్నారు. అలా కాదు, ఇంకా ఒరిగేవాడని ఇంకొకాయన నడిచాడు. కుడికాలని ఒకరు, ఎడమకాలని ఒకరు వాదన పెట్టుకున్నారు. ఎడమది అని జమ్లి తేల్చింది గానీ, వాళ్ల నడకల్లో ఏదీ కాదంది. నువ్వే చూపించమ్మా అని తబిత అడిగితే, మగమనిషి నడక నేనెట్ల నడుస్త బిడ్డా అని తల దించుకుంది.

ఇక మిగిలింది ఫోన్. మంగీలాల్‌కు వీడియోల పిచ్చి. చేను, ఎడ్లు, వాగు, తండా పిల్లలు, ఎవరింట్లో పండగైనా ఆయనే తీసేవాడు. ఫోన్ నిండా వీడియోలే. ఒక్క దాంట్లోనూ ఆయన లేడు. తీసేవాడు తీసినదాంట్లో ఎలా ఉంటాడు? ఆయన గొంతు మాత్రం ఉంది. ఆ గొంతు వినలేకనే జమ్లి ఆ ఫోన్‌ను ఎవరినీ ముట్టనివ్వడం లేదట. చప్పుడు రాకుండా పెడతానని తబిత బతిమాలితే ఒప్పుకుని, మొహం పక్కకు తిప్పుకుని కూర్చుంది.

పోయిన ఏడాది మిర్చి కల్లం వీడియో ఒకటి పెట్టారు. ఎర్రగా ఆరబోసిన మిర్చి చుట్టూ తిరుగుతూ తీశాడు. నాకు మిర్చి ఊగడం తప్ప ఏమీ కనబడలేదు. చేతులు వణికినట్టున్నాయి, సరిగా రాలేదు, ఇంకోటి పెట్టండి అన్నాను. తబిత వద్దంది. మళ్లీ మొదటి నుంచి పెట్టమంది. తెర అంచున వేలు పెట్టి చూసింది. ఇంకోసారి పెట్టమంది.

“వణుకు కాదిది,” అంది నాతో. “నడుచుకుంట తీసిండు.”

అప్పుడు నాక్కూడా కనబడింది. మిర్చి కల్లమంతా ఒకసారి ఒక పక్కకు ఒరిగి, కాస్త ఆగి, లేస్తోంది. వెంటనే చిన్నగా, త్వరగా ఇంకో ఊపు. మళ్లీ ఒరగడం, ఆగడం, లేవడం. ఆయన కాలు పడిన ప్రతిసారీ చేతిలో ఫోనూ దాంతోపాటు దిగింది. తబిత తెర మీంచి కళ్లు తీయకుండా ఆ ఊపును మోకాలి మీద వేళ్లతో తట్టడం మొదలుపెట్టింది. బరువుగా ఒకటి, తేలికగా ఒకటి. తెర వైపు చూడని జమ్లి ఆ చేతి వైపు చూసింది. అరుగు మీంచి కొంచెం ముందుకు జరిగింది.

“గదే,” అంది. “గది మా ఆయనే.”

తబిత తట్టడం ఆపితే జమ్లి ఆపొద్దన్నట్టు ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఆమె మరిచిపోలేదు. ఎవరూ ఆమెకు గుర్తుచేయలేదు, అంతే.

ఇంటికి వస్తూనే తబిత గీయడానికి కూర్చుంటుందనుకున్నాను. కూర్చోలేదు. సంగీతను మా ఇంటికి పిలిపించి, తన పాత టాబ్లెట్ చేతిలో పెట్టి, ఇది నువ్వే గీయాలంది. ఆ పిల్ల భయపడిపోయింది. మేక కాళ్లే సరిగా రావు, నావల్ల కాదక్కా అంది.

“నీకు బొమ్మ రాదు, నాకు మీ నాయిన తెల్వదు,” అంది తబిత. “బొమ్మ నేర్పొచ్చు. ఆయనను నాకెవరు నేర్పుతరు?”

చలికాలమంతా అదే పని. షాపు కట్టేశాక సంగీత ఫోన్ చేసేది, ఇక్కణ్ణించి ఈమె చూస్తూ చెప్పేది. కాళ్లను అటుదిటు చేయడం లేదు. కుడి అడుగు వేరే, ఎడమ అడుగు వేరే, ఒక్కొక్క బొమ్మా చేత్తో గీయాల్సిందే. నడుము ఎంత దిగుతుంది, దిగినప్పుడు కుడిచెయ్యి ఎక్కడుంటుంది, తువ్వాలు జారకుండా మెడ ఎటు వంచుతాడు, ఇవన్నీ ఆ పిల్లకు తెలుసు. తెలుసని గీస్తుంటేనే తెలిసింది. ఆదివారాల్లో తబిత మిగతా పిల్లలకు కూడా చెప్పింది. రెండో అడుగు ఫ్రీ అన్నాను కదా, ఎవరి నడక అయితే వాళ్లనే చూసి గీయండి, నా మాట నమ్మకండి అంది.

కొన్ని రోజులు సంగీత మధ్యలోనే ఫోన్ పెట్టేసేది. ఒకసారి మాత్రం ఏడుస్తూనే చెప్పింది. ఒక్కో బొమ్మలో నాయిన ఒక్కోచోట ఆగిపోతున్నడక్కా, కాలు లేపి అట్లనే ఉంటున్నడు, నేను తరువాతది గీసేదాక కదలలేడు అంది. తబిత ఓదార్చే మాట చెబుతుందని చూశాను. ఆమె కూడా ఏడుస్తోంది. కాసేపయ్యాక, అయితే తరువాతది గీద్దామా అని అడిగింది. ఆ పిల్ల గీసింది.

కల్లాల్లో మళ్లీ మిర్చి పోసే రోజుల్లో పని పూర్తయింది. ఆదివారం పొద్దున చర్చి కూడా మానేసి వెళ్లాం. అదే అరుగు మీద జమ్లిని కూర్చోబెట్టి, సంగీత ఆమె ఒళ్లో టాబ్లెట్ పెట్టింది. బొమ్మలో ఎవరో ముందుగా చెప్పలేదు. చేతులు కట్టుకుని నేను వెనక నిలబడ్డాను. ఆమె మళ్లీ ఎవరీయన అంటుందేమోనని నా భయం.

మంగీలాల్ నడిచాడు. ఎడమ కాలు మోపి ఒరిగాడు, ఆగాడు, లేచాడు, కుడికాలు గబుక్కున వేశాడు. గీతలు అక్కడక్కడా వణికాయి, ఒక చెవి పెద్దదైంది. అయినా ఆయనెవరో నాకు తెలిసినట్టే అనిపించింది. నేను ఎన్నడూ చూడని మనిషి. జమ్లి వేలితో తెర మీద ఆయన భుజం తాకింది. తాకిన వేలి కిందే ఆయన నడుచుకుంటూ ఉన్నాడు.

చాలాసేపు చూసింది. సంగీత కళ్లు తుడుచుకుని నవ్వింది, తబిత ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. ఇక సరే అనుకున్నాను. అప్పుడు జమ్లి మొహం మారింది. ఆమె తెరను చూస్తూ కలవరపడుతోంది. ఒకసారి కూతురి వైపు, ఒకసారి తబిత వైపు చూసింది.

“ఇగ కూర్చోమనరాదు బిడ్డా,” అంది. “ఎంతసేపు నడుస్తడు. ఆ కాలు గుంజుతది.”

మాకెవరికీ తట్టని మాట అది. రెండు అడుగులు ఆగకుండా తిరుగుతున్నాయి, ఆయనకు చేరే చోటు లేదు. సంగీత తబిత వైపు చూసింది. తబిత ఆపబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆపితే కాలు గాలిలో ఉండగానే ఆగిపోతాడు. కూర్చోవాలంటే మళ్లీ గీయాలి. కూర్చున్నాక ఇక నడవడు.

సంగీత తల్లి ఒళ్లోంచి టాబ్లెట్ తీసుకుంది. తబిత సాయం చేయబోతే వద్దని తలూపింది. అక్కడే అరుగు మీద తల్లి పక్కన కూర్చుని గీసింది. ఎండ అరుగు మీదికొచ్చింది, మేము నీడలోకి జరిగాం. వాళ్లిద్దరూ జరగలేదు. దేవ్లా వచ్చి చూసి వెళ్లిపోయాడు. గీస్తున్నంతసేపూ ఆ పిల్ల చెయ్యి ఎక్కడా తడబడలేదు. నాకు మాత్రం ఆ చెయ్యి పట్టుకుని ఆపాలనిపించింది.

మంగీలాల్ నడక నెమ్మదించింది. ఆగాడు. కుడిచెయ్యి మోకాలి మీద వేసుకుని మెల్లగా కిందికి దిగాడు. ఎడమ కాలు ముందుకు చాపుకుని కూర్చున్నాడు. తువ్వాలు తీసి పక్కన పెట్టాడు. ఆ తరువాత బొమ్మలు లేవు.

జమ్లి చూస్తూనే ఉంది. ఆయన ఇంకేమైనా చేస్తాడేమోనని ఎదురుచూస్తోందని మాకు తెలుస్తూనే ఉంది.

“గంతే యాడీ,” అంది సంగీత. “ఇంక గియ్యాల్నా?”

“వద్దు,” అంది జమ్లి. “ఉండనియ్యి.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సంగీత పెన్ను కింద పెట్టి తల్లి ఒళ్లో తల దాచుకుంది.